ఎడమవైపు హబ్బు

నీటి సరఫరా ఆఫీసులో కొత్తగా ఎవరు చేరినా పాతవాళ్ళు రెండు సంగతులు చెప్పేవారు. ఒకటి, కొండమీది పంపుహౌసుకి పోయే దారిని వానాకాలంలో నమ్మొద్దు. రెండు, ఆ దారిన పోయే ట్రక్కులో కూర్చునే బావాబావమరుదుల మధ్య దూరొద్దు. మొదటిది ఒక్క వానాకాలం చాలు ఎవరికైనా తెలిసిరావడానికి. రెండోది మాత్రం కొందరు చేతులు కాల్చుకున్నాకే నేర్చుకున్నారు.

బావ డ్రైవరు. బావమరిది ఫిట్టరు. ఫిట్టరు అక్కనే డ్రైవరు చేసుకున్నాడు. వాళ్ళిద్దరూ ఒకే బండిలో పంతొమ్మిదేళ్ళుగా తిరుగుతున్నారు. ఆ బండి వయసు అంతకంటే ఎక్కువే గానీ దాని కాగితాలు చూసే ధైర్యం ఎవరూ చెయ్యలేదు.

ఆ బండికి ఒక తంతు ఉంది. మామూలు రోడ్డు మీద దాన్ని వెనక చక్రాలే తోస్తాయి, ముందువి ఊరికే దొర్లుతాయి. బురద తగిలిందంటే నాలుగూ లాగాలి. కొత్త బళ్ళల్లో దానికి సీట్లో కూర్చుని మీట నొక్కితే చాలట. ఈ బండిలో అలాంటి రాజభోగాలేవీ లేవు. దిగాలి. ముందు చక్రాల నడిమధ్యలో అరచేతిలో పట్టేంత గుండ్రటి బిళ్ల ఉంటుంది. దాన్ని హబ్బు అంటారు. దాని పిడిని వేళ్ళతో పట్టి తిప్పితే లోపల పళ్ళు కలుసుకుని, చక్రం ఇరుసుకి కట్టుబడుతుంది. కుడి చక్రానికి ఒకటి, ఎడమ చక్రానికి ఒకటి. రెండూ తిప్పి, మళ్ళీ ఎక్కి, గేరు రాడ్డు పక్కనున్న పొట్టి రాడ్డు లాగితే అప్పుడు నాలుగు చక్రాలకూ పని పడుతుంది. ఒక్కటి తిప్పి రెండోది మరిచిపోతే ఒక్క చక్రమైనా లాగుతుంది కదా అనుకుంటారు తెలియనివాళ్ళు. లాగదు. ముందు ఇరుసుకి వచ్చే బలమంతా ఖాళీగా ఉన్న వైపుకే పోయి అక్కడ ఉత్తినే తిరుగుతుంది. ముందు చక్రాలు రెండూ పెళ్ళికి పిలవని చుట్టాల్లా చూస్తూ కూర్చుంటాయి.

కుడి హబ్బు డ్రైవరుది, ఎడమది ఫిట్టరుది. ఎవరు పంచారో, ఎప్పుడు పంచారో ఇద్దరికీ గుర్తులేదు. తిప్పినవాడు "పడింది" అని కేకెయ్యాలి. రెండో "పడింది" చెవిన పడితేనే డ్రైవరు స్టీరింగు ముట్టుకునేవాడు. ఫిట్టరు లేనిదే కొండ మీద పనే ఉండదు కాబట్టి, ఇన్నేళ్ళలో డ్రైవరు ఎడమ హబ్బు మీద చెయ్యి వెయ్యాల్సిన అవసరం ఒక్కసారి కూడా రాలేదు.

బావమరిది బతక కోరతాడు, దాయాది చావ కోరతాడు అంటారు. బతక కోరతాడు సరే, కొట్లాడడని ఎవరూ అనలేదుగా! వీళ్ళిద్దరూ నెలకోసారి ఉప్పూ నిప్పూ అయ్యేవారు. జాకీ ఎక్కడ పెట్టాలి అన్నదాని మీద మూడు వారాలు మాటలు మానేసిన ఘనులు. అయినా సంసారం సాగిందంటే, అది నడిమధ్యనున్న మనిషి గొప్పతనం. కోపం వచ్చినప్పుడు ఫిట్టరు సాయంత్రం అక్క వంటింటి గుమ్మంలో కూర్చుని బావ మీద చెప్పాల్సినవన్నీ చెప్పేవాడు. వాడు వెళ్ళాక డ్రైవరు అదే గుమ్మంలో నిలబడి బావమరిది మీద చెప్పేవాడు. ఆవిడ కూరగాయలు తరుగుతూ అన్నీ వినేది. విన్నవాటిలో సగం పారేసేది. మిగిలిన సగాన్ని మంచిగా మార్చి అటువి ఇటు, ఇటువి అటు చేరేసేది. "మావాడు బాధపడుతున్నాడండీ," అనేది ఈయనతో. "మీ బావ తప్పు ఒప్పుకున్నారురా," అనేది వాడితో. ఇద్దరిలో ఎవ్వరూ బాధపడినట్టుగానీ, తప్పు ఒప్పుకున్నట్టుగానీ దాఖలాలు లేవు. కానీ మర్నాడు బండిలో మాటలు మొదలయ్యేవి. పంతొమ్మిదేళ్ళలో ఒకరికొకరు "పొరపాటైంది" అని నోటితో చెప్పుకోవడం వాళ్ళు నేర్చుకోలేదు. నేర్చుకునే అవసరం ఆవిడ రానివ్వలేదు.

ఆవిడ పోయి ఏడాది దాటింది.

ఏడాదీ బాగానే గడిచింది. కొట్లాడేంత ఓపిక ఇద్దరికీ లేకపోవడం వల్ల గడిచింది. తీరా ఆరు వారాల క్రితం డ్రైవరు ఇంట్లో ఉన్న కుట్టు మిషను తీసి వీధి చివరి టైలరమ్మకి ఇచ్చేశాడు. ఆ మిషను ఫిట్టరు తన మొదటి జీతంతో అక్కకి కొనిచ్చింది. ఆదివారం వచ్చి ముందు గదిలో ఖాళీ చోటు చూసి వాడు నిలుచున్న చోటనే నిలబడిపోయాడు.

"అక్క వస్తువు గుమ్మం దాటించేముందు నాకొక్క మాట చెప్పాలనిపించలేదా బావా?"

"నా ఇంట్లో వస్తువుకి నీకు చెప్పడమేంటి?"

"నీ ఇల్లా? అక్క ఇల్లు కూడా."

"అక్కే లేనప్పుడు నువ్వెవరివిరా నాకు?"

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు. ఆ మాట బయటపడ్డ క్షణంలోనే డ్రైవరుకి అది అనకూడని మాటని తెలిసింది. వాడు ఏదో ఒకటి తిరిగి అంటే బావుండేదని చూశాడు. వాడు మాత్రం చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు బండి దగ్గరికొచ్చి, "నమస్కారం డ్రైవర్ గారూ. మీరు ఎప్పుడంటే అప్పుడు బయల్దేరదాం," అన్నాడు.

పంతొమ్మిదేళ్ళ "నువ్వు" ఒక్క రాత్రిలో "మీరు" అయింది. బావ కాస్తా డ్రైవర్ గారయ్యాడు. తిట్టినా అంత తగిలేది కాదు. డ్రైవరు తాళం తిప్పి బండి తీశాడు. సాయంత్రం ఇంటికెళ్ళి అలవాటు కొద్దీ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. ఎవరితో చెప్పాలి? కుళాయి ఒకటి బొట్టు బొట్టుగా కారుతోంది. దాన్ని గట్టిగా కట్టేసి వచ్చి పడుకున్నాడు.

ఆరు వారాలూ వానలు లేవు. పనులన్నీ ఊళ్ళోనే, తారు రోడ్డు మీదే. హబ్బులతో అవసరం రాలేదు. ఏడో వారం మొదట్లో మూడు రోజులు ముసురు పట్టింది. ఆ ముసుర్లోనే కొండమీది మోటారు కాలిపోయింది. పై కాలనీకి నీళ్ళు ఆగిపోయాయి. అక్కడి ప్రసూతి ఆసుపత్రి వాళ్ళు బిందెలు పట్టుకుని కిందికి దిగే పరిస్థితి వచ్చింది. దాని బదులు పెట్టాల్సిన మోటారు ఉదయం ఎనిమిదింటికి ఆఫీసుకి చేరింది. దాన్ని ట్రక్కెక్కించి తాళ్ళు బిగిస్తుండగా ఇంజనీరమ్మ చేతిలో కాగితంతో బయటికొచ్చింది. చిన్న వయసు, నెమ్మదైన మనిషి. ఆవిడకి ఈ ఇద్దరి సంగతీ ఎవరూ చెప్పినట్టు లేదు.

"ఫిట్టర్ గారూ, మీరడిగిన బదిలీ వచ్చేసింది. ఇక్కడ ఇవాళ్టితో ఆఖరు. ఎల్లుండి ఒకటో తారీఖున అవతలి సెక్షన్లో చేరాలి. నూటఇరవై కిలోమీటర్లు, ఇల్లు కూడా అక్కడే చూసుకోవాలి మరి," అంది. డ్రైవరు వైపు తిరిగి, "కొత్తాయన వస్తారు. ఈ బండి గురించి ఆయనకి చెప్పాల్సినవేమైనా ఉంటే ఇవాళే ఈయన దగ్గర తెలుసుకోండి," అంది.

డ్రైవరు ట్రిప్పు షీటు మీద సంతకం పెడుతున్నాడు. పెన్ను ఆగిపోయింది. వాడు బదిలీ అడిగాడని అతనికి తెలియదు. తల తిప్పి చూశాడు. ఫిట్టరు తాడు ముడి వేస్తున్నాడు, అవసరమైనదానికంటే ఎక్కువ శ్రద్ధగా వేస్తున్నాడు.

అంటే ఇదే ఆఖరి ట్రిప్పు. వెళ్ళడానికి పద్నాలుగు కిలోమీటర్లు, రావడానికి పద్నాలుగు. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి తనకున్నది ఆ ఇరవై ఎనిమిది కిలోమీటర్లే. తర్వాత వాడు ఎక్కడో ఒక ఊళ్ళో ఒక ఫిట్టరు. తాను ఇక్కడ ఒక డ్రైవరు. మధ్యలో చుట్టరికం అని చెప్పడానికి ఇక మనిషి లేదు.

బండి కదిలింది. మొదటి మూడు కిలోమీటర్లు డ్రైవరు మనసులో మాటలు పేర్చుకున్నాడు. "ఏరా" అని మొదలుపెడదామనుకున్నాడు. "మీరు" అంటున్నవాణ్ణి "ఏరా" అనడం ఏం బావుంటుంది? "చూడు నాయనా" అంటే డెబ్భై ఏళ్ళ ముసలాడి మాటలా ఉంది. "ఆ రోజు ఏదో కోపంలో" అందామంటే, ఏదో కోపమేంటి, తన కోపమేగా! "మీ అక్క ఉంటే" అని ఎత్తుకుంటే సులువుగానే వస్తుంది. కానీ మళ్ళీ ఆవిడ భుజాల మీదే మోత పెట్టినట్టవుతుంది. మైళ్ళ కొద్దీ బండి తోలగలిగిన మనిషికి రెండు మాటలు తోలడం చేతకాలేదు. గొంతు సవరించుకున్నాడు. ఫిట్టరు తిరిగి చూశాడు.

"డీజిలు ఉందా?" అన్నాడు డ్రైవరు.

"నిన్ననే కొట్టించారు కదండీ," అన్నాడు ఫిట్టరు.

డీజిలు ముల్లు డ్రైవరు కళ్ళెదుటే ఉంది. తనని తాను తిట్టుకున్నాడు. ఇంకో నాలుగు కిలోమీటర్లు ఇద్దరూ బెల్లం కొట్టిన రాళ్ళలా కూర్చున్నారు.

కొండ మొదట్లో చిన్న కల్వర్టు ఉంది. తారు అక్కడితో ఆఖరు. అక్కడ ఆపడం రివాజు. ఆపాడు. ఇంజను నడుస్తూనే ఉంది. ఇద్దరూ చెరో తలుపు తీసుకుని దిగారు. డ్రైవరు వంగి కుడి హబ్బు పట్టుకుని గడియారం ముల్లు తిరిగే వైపుకి తిప్పాడు. లోపల పళ్ళు కూర్చున్నట్టు వేళ్ళకి తెలిసింది. "పడింది" అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. వాడు ముందు అననీ అని ఆగాడు. అటువైపు నుంచి మాట లేదు. నడుము ఎత్తి చూస్తే ఫిట్టరు బండి వెనకాల ఉన్నాడు. మోటారు మీద టార్పాలిన్ సర్దుతున్నాడు.

తిప్పలేదన్నమాట. డ్రైవరుకి అరికాలి మంట నెత్తికెక్కింది. నా మీద కోపముంటే నా మీద చూపించు, బండి ఏం చేసింది, ఆసుపత్రిలో బాలింతలు ఏం చేశారు? అడగొచ్చు. అడిగితే "తిప్పుతానండీ" అంటాడు, ఆ "అండీ" వినడం ఇష్టం లేదు. నువ్వు లేకపోతే బండి కదలదా అనుకుంటూ బానెట్టు ముందు నుంచి చుట్టూ తిరిగి ఎడమ చక్రం దగ్గరికెళ్ళాడు. హబ్బు మీద లాక్, ఫ్రీ అని ఉండే అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. మిగిలిన చోట బురద పూసుకుని ఉంది. పిడి పట్టి గడియారం వైపుకే తిప్పాడు. తిరిగింది. చూశావా, తిప్పలేదు! పళ్ళు కొరికి వచ్చి సీట్లో కూర్చున్నాడు. ఫిట్టరు కూడా వచ్చి ఎక్కాడు. డ్రైవరు పొట్టి రాడ్డు లాగి బండి ముందుకు పోనిచ్చాడు.

మొదటి మలుపుదాకా రాళ్ళ దారి. అక్కడ వెనక చక్రాలే చాలు కాబట్టి ఏ తేడా తెలియలేదు. రెండో మలుపులో వాగు ఒకటి దారికి అడ్డంగా పారుతుంది. మూడు రోజుల ముసురుకి అక్కడ ఎర్రమట్టి మెత్తగా నాని ఉంది. డ్రైవరు చిన్న గేరులో పెట్టి నెమ్మదిగా దింపాడు. సగందాకా వచ్చాక వెనక చక్రాలు జారాయి. ముందువి పట్టుకుని లాగాలి. లాగలేదు. ఇంజను అరుస్తోంది, వెనక చక్రాలు మట్టిని గాల్లోకి చిమ్ముతూ తమ గొయ్యి తామే తవ్వుకుంటున్నాయి. బండి కొద్దిగా వెనక్కి జారి, వెనక ఇరుసుదాకా దిగబడి ఆగింది.

డ్రైవరు ఇంజను ఆపాడు.

"అసలు నీ ఉద్దేశం ఏంటి?" అన్నాడు, ముందు అద్దంలోకే చూస్తూ. పద్నాలుగు కిలోమీటర్లలో పదకొండు గడిచాక పెదవి దాటిన అసలు మాట ఇదీ!

"ఏమైందండీ?"

"ఎడమది ఎందుకు తిప్పలేదు?"

"తిప్పాను డ్రైవర్ గారూ. దిగగానే తిప్పాను."

"అబద్ధం చెప్పకు. నేను చూశాను. నువ్వు వెనకాల తాళ్ళు పీకుతున్నావు. నేనే వెళ్ళి తిప్పుకున్నాను."

ఫిట్టరు మెల్లగా అతని వైపు తిరిగాడు. "మీరు తిప్పారా? ఎడమది?"

"తిప్పాను."

"ఎటు?"

"ఎటేంటి? కుడిది ఎటు తిప్పుతామో అటే."

ఫిట్టరు తలుపు తోసుకుని మోకాలి లోతు బురదలోకి దిగాడు. చక్రం దగ్గర కూర్చుని హబ్బు మీది మట్టి తుడిచాడు, చూశాడు. లేచి నిలబడ్డాడు. మొహం ఎర్రబడింది.

"నీకు బుద్ధుందా బావా? అసలు నీకు బుద్ధుందా అని! పంతొమ్మిదేళ్ళు ముట్టుకోనివాడివి ఇవాళే ముట్టుకోవాలా? నేను లాక్ చేసి వెళ్తే నువ్వొచ్చి ఊడదీశావు! ఇది కుడిదానిలా కాదు, ఉల్టా! అటు తిప్పితే పడుతుంది, ఇటు తిప్పితే ఊడుతుంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషితో ఎట్లా చచ్చేది దేవుడా!"

తిట్టు తిట్టులాగే పడింది. కానీ డ్రైవరుకి మాత్రం ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆరు వారాల తర్వాత వాడు "నువ్వు" అన్నాడు, "బావా" అన్నాడు. ఇంకో పది తిట్టినా బావుండునని సీట్లో కదలకుండా కూర్చున్నాడు. తర్వాత దిగాడు. బురద బూట్లలోకి వచ్చింది.

"ఉల్టా ఎందుకయింది?"

"పదకొండేళ్ళ కింద రాయి తగిలి ఎడమ హబ్బు పగల్లేదూ? స్టోర్సులో లేదన్నారు. షెడ్డులో తుక్కు కింద పడేసిన బండిదొకటి ఊడదీసుకొచ్చి బిగించా. అది వేరే రకం. దానికి లాక్ అటువైపు."

"పదకొండేళ్ళు! ఒక్కసారైనా నాకు చెప్పాలని లేదా?"

"చెప్పా."

"ఎప్పుడు చెప్పావు?"

ఫిట్టరు చేతికంటిన మట్టిని బండి రేకుకి తుడుచుకున్నాడు. గొంతులో వేడి తగ్గింది.

"అప్పుడు మనకి మాటల్లేవు. జాకీ గొడవ. అందుకని అక్కకి చెప్పా. ఇలా ఎడమ హబ్బు ఉల్టా పెట్టానే, బావకి చెప్పు అని."

"మీ అక్క నాకు చెప్పలేదు."

"తెలుసు. చెప్పనంది." వాడు వాగువైపు చూస్తూ అన్నాడు. "ఆయనకెందుకురా ఆ సంగతి, ఎడమ పక్క ఎప్పుడూ నువ్వుంటావుగా అంది."

డ్రైవరు ఫుట్‌బోర్డు మీద కూర్చుండిపోయాడు. ఆవిడ గొంతు, ఆ మాట తీరు, తరిగే కత్తి ఆపకుండా అనేయడం, అన్నీ కళ్ళకి కట్టినట్టు వచ్చాయి. ఆవిడ పోయిన రోజున వచ్చిన ఏడుపు కంటే ఇది వేరేగా వచ్చింది. అప్పుడు నలుగురి మధ్యలో ఏడ్చాడు. ఇప్పుడు సిగ్గు కలిసి ఏడుపు వచ్చింది. అంత నమ్మకంగా ఆవిడ ఎడమ పక్క నిలబెట్టిన మనిషిని తాను ఒక్క మాటతో దింపేశాడు. ఆవిడకి తెలిస్తే ఏమనేది? ఏమీ అనేది కాదు. ఆ మాటని మంచిగా మార్చి వాడికి చేరేసేది. ఎంత నేర్పున్న మనిషైనా "నువ్వెవరివి" అన్న మాటని ఎలా మారుస్తుంది?

ఫిట్టరు అతని వైపు చూడలేదు. చూడకపోవడమే మర్యాద అనుకున్నాడేమో. వంగి, ఎడమ హబ్బుని దాని దారిన తిప్పి, "బండి ఒక్క అంగుళం కదిపితే పళ్ళు కూర్చుంటాయి. లే," అన్నాడు.

రాళ్ళేరి వెనక చక్రాల కింద కొట్టారు. పార తీసి గొయ్యి సాపు చేశారు. అరగంట పట్టింది. ఆ అరగంటలో మాట్లాడినవన్నీ రాళ్ళ గురించే. డ్రైవరు ఎక్కి మళ్ళీ చిన్న గేరులో వదిలితే, ఈసారి ముందు చక్రాలు మట్టిని పట్టుకున్నాయి. బండి గొణుగుతూ, ఊగుతూ, ముసలమ్మ మెట్లెక్కినట్టు ఒక్కొక్క రాయీ ఎక్కి గట్టున పడింది.

పంపుహౌసులో పని మామూలే. కాపలా మనిషి కూడా ఒక చెయ్యి వేశాడు. గొలుసు కప్పీతో మోటారు దింపి, బోల్టులు బిగించి, వైర్లు కలిపి స్విచ్చు వేసేసరికి మధ్యాహ్నం మూడైంది. పైపులో గాలి దగ్గి దగ్గి, ఆఖరికి నీళ్ళు తోసుకొచ్చాయి. ఫిట్టరు పైపు మీద అరచెయ్యి పెట్టి కాసేపు ఉంచాడు. ఆ అలవాటు డ్రైవరుకి తెలుసు. ఇక ఈ పైపు మీద ఇంకొకరి చెయ్యి ఉంటుంది. ఆ ఊహకే అతనికి ఆ కొత్త మనిషి నచ్చలేదు. పాపం, ఆ వచ్చేవాడెవడో, ఇంకా మొహమైనా చూపించలేదు.

దిగేటప్పుడు దారంతా డ్రైవరు మాటలు పేర్చుకోలేదు. పేర్చి ఏం లాభం, పొద్దున చూశాడుగా. కల్వర్టు దగ్గర ఆపాడు. ఇక తారు రోడ్డు కాబట్టి హబ్బులు విడదియ్యాలి. కుడిది విడదీసి, ఎటూ పోకుండా చక్రం పక్కనే నిలబడి, బండికి అటువైపున్న మనిషితో ఉన్న మాట ఉన్నట్టు చెప్పేశాడు.

"ఆ మాట నేను అనకూడదురా. కోపంలో అన్నానని చెప్పను. అన్నాను, అంతే. తప్పు."

బానెట్టు అవతల హబ్బు తిరుగుతున్న చప్పుడు సగంలో ఆగిపోయింది.

"ఆ మిషను మీద మీ అక్క సగం కుట్టిన దిండు గలీబు ఒకటుంది. సూది దాంట్లోనే దిగి ఉంది. అలాగే వదిలేసి ఆసుపత్రికి వెళ్ళింది. ఏడాదిపాటు ఇంటికి రాగానే అదే కనబడేది. సూది పైకెత్తి ఆ గుడ్డ తియ్యడానికి నాకు చెయ్యి రాలేదు. ఉంచుకోనూ లేకపోయాను. అందుకని గుడ్డతో సహా ఇచ్చేశా. నీకు చెబుదామంటే... నీకేదైనా చెప్పాలంటే ఎలా చెప్పాలో నాకు తెలియదురా. ఎప్పుడూ తనే చెప్పేదిగా."

బండికి అటువైపు నుంచి ఫిట్టరు గొంతు వినబడింది. "ఒక్క మాట చెప్పుంటే నేనొచ్చి తీసేవాణ్ణి బావా. ఇద్దరం కలిసి తీసేవాళ్ళం."

"నిజమే."

"నువ్వెవరివి అన్నావు చూడు, ఇంటికెళ్ళి అదే ఆలోచించా. నిజంగానే ఎవర్ని అని. నాకే జవాబు తట్టలేదు. అందుకే బదిలీ అడిగా."

"నాకు తట్టింది," అన్నాడు డ్రైవరు. "తనున్నప్పుడు నువ్వు తన తమ్ముడివి. ఇప్పుడు నాకున్నదే నువ్వు. ఇంకెవరున్నార్రా నాకు?"

ఫిట్టరు మోచేతితో మొహం తుడుచుకున్నాడు. మోచేతికున్న బురద బుగ్గకంటింది. "ఆర్డరు వచ్చేసింది. ఇప్పుడు వద్దంటే ఇంజనీరమ్మ నన్ను పిచ్చోడనుకుంటుంది. వెళ్ళక తప్పదు," అన్నాడు. హబ్బుని పూర్తిగా విడదీసి, "ఆదివారాలు వస్తా. బస్సుంది," అన్నాడు.

"రా."

"సరే గానీ ఇటు రా. కొత్తవాడికి ఇది నువ్వే చెప్పాలి. చెయ్యి పెట్టు."

డ్రైవరు చుట్టూ తిరిగి వెళ్ళి ఎడమ చక్రం ముందు గొంతుక్కూర్చున్నాడు. ఫిట్టరు పక్కనే కూర్చుని, అతని చెయ్యి పట్టి హబ్బు మీద పెట్టి, దాని మీద తన చెయ్యి వేసి తిప్పాడు. "ఇది లాక్. ఇది ఫ్రీ. ఇప్పుడు నువ్వు లాక్ చెయ్యి."

డ్రైవరు తిప్పాడు. తప్పు వైపుకి. చేతికి పంతొమ్మిదేళ్ళ అలవాటు కదా, మొదటిసారి నిజంగానే తప్పింది.

"అటు కాదు బావా. ఇటు. మళ్ళీ."

రెండోసారికి అతనికి తెలిసిపోయింది. ఇంజను దగ్గు విని ఏ నాజిలు పోయిందో చెప్పే మనిషికి ఒక పిడి ఎటు తిరుగుతుందో తెలియడానికి ఎంతసేపు? నేర్చేసుకుంటే బండెక్కాలి. బండెక్కితే ఏడు కిలోమీటర్లలో ఆఫీసు. డ్రైవరు పిడి పట్టుకుని, కాస్త ఆలోచించినట్టు మొహం పెట్టి, మళ్ళీ తప్పు వైపుకే తిప్పాడు.

ఫిట్టరు హబ్బు వైపు చూడలేదు. బావ మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నేల మీద ఇంకాస్త సర్దుకుని కూర్చున్నాడు.

"మళ్ళీ," అన్నాడు.